మన తలలు లెక్కపెట్టి వాళ్ల లోటు కప్పుతున్నారు
మానసిక వైద్యంలో నల్లజాతి సిబ్బంది లోటు గురించి, ఇంగ్లండ్‌లో పనిచేస్తున్న తెలుగు సైకియాట్రిస్టులకు, సైకాలజిస్టులకు బహిరంగ లేఖ

డాక్టర్లకు, సైకాలజిస్టులకు నమస్కారం.

1993లో నార్విచ్‌లోని ఒక సెక్యూర్ క్లినిక్ (తాళాలు వేసి ఉంచే మానసిక వైద్యశాల) నుంచి ఒక పేషెంటు అక్కడి అధికారికి ఉత్తరం రాశాడు. పేరు డేవిడ్ బెనెట్. అందరూ రాకీ అనేవారు. జమైకాలో పుట్టి చిన్నతనంలోనే ఇంగ్లండ్ వచ్చాడు, డ్రమ్స్ వాయించేవాడు, స్కిజోఫ్రీనియాకు చికిత్స తీసుకుంటున్నాడు. ఇక్కడ నల్లజాతి పేషెంట్లం అరడజనుకు పైగా ఉన్నాం, సిబ్బందిలో ఆఫ్రికన్ మూలాలున్నవారు ఒక్కరూ లేరు, డాక్టర్లలోనో సోషల్ వర్కర్లలోనో కనీసం ఇద్దరైనా ఉండాలి, దయచేసి సరిదిద్దండి అన్నది అందులోని సారం. ఐదేళ్లు గడిచాయి. 1998 అక్టోబరులో అదే క్లినిక్‌లో మరో పేషెంటు రాకీని జాతి పేరుతో తిట్టాడు. గొడవయ్యాక వేరే వార్డుకు మార్చింది మాత్రం రాకీనే. ఆ రాత్రి సిబ్బంది అతన్ని బోర్లా పడుకోబెట్టి అదిమిపట్టి ఉంచారు. ప్రాణం పోయింది. వయసు 38. 2004లో బయటికి వచ్చిన విచారణ నివేదికలో ఆ ఉత్తరం సంగతి ఉంది.

అతను అడిగింది ఇద్దరిని.

2018 డిసెంబరులో మెంటల్ హెల్త్ యాక్ట్ (ఇష్టం లేకపోయినా పేషెంటును ఆసుపత్రిలో ఉంచే అధికారమిచ్చే చట్టం) మీద సర్ సైమన్ వెస్లీ అధ్యక్షతన జరిగిన స్వతంత్ర సమీక్ష కూడా అదే అడిగింది. ఆఫ్రికన్, కరీబియన్ మూలాలున్నవారు అన్ని వృత్తుల్లోనూ, ముఖ్యంగా సైకాలజీలో, ఆక్యుపేషనల్ థెరపీలో ఇంకా ఎక్కువమంది ఉండాలని సిఫార్సు చేసింది. ఆ సమీక్ష నుంచే పీసీఆర్‌ఈఎఫ్ అనే జాతి సమానత్వ ప్రణాళిక పుట్టింది. 2023లో ప్రభుత్వ ఆరోగ్య సేవ ఎన్‌హెచ్‌ఎస్ దాన్ని మెంటల్ హెల్త్ ట్రస్టులన్నిటికీ, అంటే ఈ ఆసుపత్రులను నడిపే సంస్థలన్నిటికీ, తప్పనిసరి చేసింది. కాగితం మీద లోటేమీ లేదు. పని జరగడం లేదని రాయవలసిన చోట్లకు రాశాం. "మీరు లేవనెత్తిన అంశాన్ని నమోదు చేసుకున్నాం" అన్న ఒక్క వాక్యం తప్ప ఏమీ రాలేదు. అందుకే ఈసారి మన భాషలో, మనవాళ్లకే రాస్తున్నాం.

మనకేం సంబంధం అంటారా? సంబంధం మొదటి అంశంలోనే ఉంది.

1. లెక్కల్లో మనల్ని వాళ్లతో కలిపేస్తున్నారు

ట్రస్టులు ఏటా ప్రకటించే వర్క్‌ఫోర్స్ రేస్ ఈక్వాలిటీ స్టాండర్డ్ లెక్కల్లో 'బీఎంఈ' అని ఒకే గంప ఉంటుంది. భారతీయులు, పాకిస్తానీలు, చైనీయులు, ఆఫ్రికన్లు, కరీబియన్లు అందరూ అందులోనే. సైకియాట్రీలో మనవాళ్లు పెద్ద సంఖ్యలో ఉన్నారు కాబట్టి ఆ గంప ఎప్పుడూ నిండుగానే కనబడుతుంది. వార్డుల్లో హెల్త్‌కేర్ అసిస్టెంట్లు, నర్సులు చాలామంది నల్లజాతివారే కాబట్టి ట్రస్టు మొత్తం తీసుకున్నా అంకె బాగానే ఉంటుంది. ఈ రెండు నిండు అంకెల మధ్య, సైకాలజీ విభాగంలో బ్యాండ్ 8ఏ, 8బీలో (బ్యాండ్ అంటే ఎన్‌హెచ్‌ఎస్ జీతాల మెట్టు, ఇవి పై మెట్లు) ఒక్క కరీబియన్ సైకాలజిస్టు కూడా లేకపోయినా ఎవరికీ కనబడదు. చేసిన పాపం ఏమీ లేకుండానే మనం ఆ లోటుకు పరదా అయిపోయాం.

పరదా తీయడం కష్టం కాదు. ప్రతి ఉద్యోగి వివరం ఎలక్ట్రానిక్ స్టాఫ్ రికార్డులో ఉంటుంది. అందులో జాతి కోడ్‌లు ఇప్పటికే విడివిడిగా ఉన్నాయి: ఇండియన్‌కు 'హెచ్', కరీబియన్‌కు 'ఎం', ఆఫ్రికన్‌కు 'ఎన్', ఇతర నల్లజాతివారికి 'పీ'. మీ విభాగం హెచ్‌ఆర్‌ను ఈ నాలుగు కోడ్‌లూ వేరువేరుగా, వృత్తి వారీగా, బ్యాండ్ వారీగా ఇమ్మని అడగండి. దరఖాస్తులెన్ని, షార్ట్‌లిస్టు అయినవారెందరు, ఉద్యోగం వచ్చినవారెందరు అన్న మూడు దశలూ అడగండి. ఏ మెట్టు దగ్గర జారిపోతున్నారో అప్పుడే తెలుస్తుంది. "ఐదుగురికన్నా తక్కువ ఉన్నారు, గోప్యత దృష్ట్యా చెప్పలేం" అన్న జవాబు వస్తుంది. మూడేళ్ల లెక్క కలిపి ఇమ్మనండి, చాలాచోట్ల ఆ అడ్డు తొలగిపోతుంది. అప్పటికీ ఇవ్వకపోతే సమాచార స్వేచ్ఛా చట్టం కింద దరఖాస్తు పెట్టండి. 20 పనిదినాల్లో జవాబివ్వడం వాళ్ల బాధ్యత.

2. సెక్షన్ కాగితం మీద సంతకం మనది

2023 మార్చితో ముగిసిన ఏడాదిలో మెంటల్ హెల్త్ యాక్ట్ కింద నిర్బంధాలు (వీటినే 'సెక్షన్' చేయడం అంటాం) తెల్లవారిలో లక్షకు 64, నల్లజాతివారిలో లక్షకు 228. మూడున్నర రెట్లు. సిబ్బంది మారితే ఈ అంకె మర్నాటికల్లా పడిపోతుందని మేం అనడం లేదు. పేదరికం ఉంది, ఇళ్ల ఇబ్బంది ఉంది. జీపీ (ఫ్యామిలీ డాక్టరు) ద్వారా కాకుండా పోలీసు వ్యాను ఎక్కి ఆసుపత్రికి చేరేవారు ఎక్కువగా ఉండటం ఉంది. అయితే వాళ్లు ఆలస్యంగా ఎందుకొస్తున్నారు? వచ్చినవాళ్లకు ఏమైందో ఇంటింటా తెలుసు కాబట్టి. భయపడి ఆగుతారు, ఆగేకొద్దీ జబ్బు ముదురుతుంది, ముదిరాక పోలీసులే వస్తారు. ఆ భయం తగ్గాలంటే తలుపు తీసే మనిషి మీద కాస్తయినా నమ్మకం ఉండాలి.

బోనాల మర్నాడు సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళి గుడిలో పచ్చికుండ మీద నిలబడి రంగం చెప్పే ఆమెను మనలో ఎవరమైనా సైకోసిస్ అని రాస్తామా? రాయం. ఎందుకంటే పూనకం ఎలా వస్తుందో, ఎప్పుడు దిగుతుందో, దిగాక మనిషి ఎలా ఉంటుందో చిన్నప్పటి నుంచీ చూశాం. కోస్తా పల్లెల్లో పెంతెకోస్తు సంఘాల్లో అన్యభాషలు మాట్లాడటమూ విన్నాం. అదే పని నైజీరియా మూలాలున్న ఒక తల్లి లండన్ వార్డులో చేస్తే, గదిలో ఉన్నవారెవరికీ అది తెలియకపోతే, ఫైలులో ఇంకో మాట పడుతుంది. ఆ ఒక్క మాట మందు డోసు పెంచుతుంది, సెలవు ఆపుతుంది, వచ్చే డాక్టరు కళ్లకు అద్దంలా అతుక్కుపోతుంది. అది ప్రార్థన అని హెల్త్‌కేర్ అసిస్టెంటుకు తెలుసు. కానీ వార్డ్ రౌండులో ఆమెకు కుర్చీ వెయ్యరు. తెలిసిన మనిషికి, చెప్పే హోదా కూడా ఉండాలి. ప్రాతినిధ్యం అంటే మేం అడుగుతున్నది అదే.

ఆ హోదా ఉన్నవారు వచ్చేదాకా, సెక్షన్ 12 డాక్టర్లుగా, అంటే నిర్బంధానికి సిఫార్సు చేసే అర్హత ఉన్నవారిగా, మీరు చేయగలిగినవి ఉన్నాయి. ఆ సిఫార్సు రాసే ఫారం ఏ4లో, ఏ8లో ఇన్‌ఫార్మల్‌గా (పేషెంటు ఒప్పుదలతోనే) ఎందుకు చేర్చుకోలేమో రాసే చోట "లాక్స్ ఇన్‌సైట్" (తన జబ్బు తనకు తెలియదు) అని ముగించకండి. ఏ ప్రత్యామ్నాయం ఇచ్చారో, పేషెంటు ఏమన్నారో, ఇంట్లోవారిని ఎవరిని అడిగారో రాయండి. "అగ్రెసివ్" అని కాదు, చేసిందేమిటో రాయండి: గొంతు పెంచాడు, తలుపు తన్నాడు, వెనక్కి జరగమంటే జరిగాడు. విశేషణం ఫైలు నుంచి ఫైలుకు ఏళ్ల తరబడి పాకుతుంది. చేసిన పని రాస్తే ఆ పూటకే ఆగుతుంది.

3. క్లినికల్ సైకాలజీలో అడ్డు డాక్టరేట్ దగ్గర కాదు, దానికి ముందుంది

మూడేళ్ల డాక్టరేట్‌కు ఫీజు ఎన్‌హెచ్‌ఎస్ కడుతుంది, పైగా బ్యాండ్ 6 జీతం ఇస్తుంది. ఒకసారి లోపలికి వెళ్లాక డబ్బు బాధ తక్కువ. గుమ్మం దాకా రావడమే కష్టం. సైకాలజీ డిగ్రీ తరగతుల్లో నల్లజాతి విద్యార్థులకు కొదవ లేదు. జల్లెడ ఆ తర్వాత మొదలవుతుంది.

మొదటి కన్నం మార్కులు. కోర్సులు సాధారణంగా డిగ్రీలో 2:1 (ఫస్టు తర్వాతి శ్రేణి, దాని కిందిది 2:2) అడుగుతాయి. ఒకే స్థాయి మార్కులతో యూనివర్సిటీలో చేరినా నల్లజాతి విద్యార్థులకు ఫస్టు, 2:1 వచ్చే అవకాశం తెల్లవారికన్నా తక్కువని దేశవ్యాప్త లెక్కలు ఏటా చెబుతున్నాయి. చదువుతూ రాత్రిళ్లు కేర్ హోముల్లో షిఫ్టులు చేసేవారికి 2:2 రావడంలో వింతేముంది?

రెండో కన్నం అనుభవం. దాదాపు అందరూ ముందు బ్యాండ్ 4 అసిస్టెంట్ సైకాలజిస్టు పోస్టు కోసం పోటీపడతారు. ఒక్క పోస్టుకు వందల దరఖాస్తులు. అన్ని చదవలేక చాలా టీములు ఒక సంఖ్య రాగానే ప్రకటన మూసేస్తాయి, ఒక్కోసారి తెరిచిన రోజే. పొద్దున తొమ్మిదికి తెరిచి మధ్యాహ్నానికి మూస్తే, నైట్ డ్యూటీ దిగి పడుకున్న సపోర్ట్ వర్కరు లేచేసరికి ఏమీ మిగలదు. ల్యాప్‌టాప్ ముందు ఖాళీగా కూర్చోగలిగినవారికే అది దక్కుతుంది.

మూడోది 'హానరరీ' పేరుతో జీతం లేని పోస్టు. ఆరు నెలలు జీతం లేకుండా లండన్‌లో బతకడానికి అమ్మానాన్నల ఇల్లు ఆ పక్కనే ఉండాలి. నాలుగోది కారు. కమ్యూనిటీ పోస్టుల్లో "డ్రైవింగ్ లైసెన్సు, సొంత కారు తప్పనిసరి" అని ఆలోచించకుండా అతికించేస్తారు. లండన్ పెకమ్‌లోనో, బర్మింగ్‌హామ్ హ్యాండ్స్‌వర్త్‌లోనో బస్సుల మీద పెరిగిన పిల్లలు అక్కడే ఆగిపోతారు.

పోనీ జీతం కోసం టాకింగ్ థెరపీస్‌లో (మాటల ద్వారా చికిత్స చేసే ఎన్‌హెచ్‌ఎస్ సేవలో) వెల్‌బీయింగ్ ప్రాక్టీషనర్ శిక్షణ తీసుకుంటే, 2022లో వచ్చిన నియమం ప్రకారం అది పూర్తయ్యాక రెండేళ్ల దాకా మరో ఎన్‌హెచ్‌ఎస్ నిధుల శిక్షణకు అర్హత లేదు. సర్వీసులను నిలబెట్టడానికి పెట్టిన నియమమే. దెబ్బ మాత్రం జీతం లేనిదే గడవని వారిమీద పడింది.

పోస్టు ప్రకటన రాసేది, అభ్యర్థికి ఉండాల్సిన లక్షణాల జాబితా తయారుచేసేది సూపర్‌వైజర్లు, అంటే మీరే. కాబట్టి మా కోరికలు ఇవి. ప్రకటన కనీసం 14 రోజులు తెరిచి ఉంచండి. దరఖాస్తులు ఎక్కువైతే మొదట వచ్చినవి కాక, లాటరీ తీసి కొన్ని చదవండి. అదే న్యాయం. "గతంలో అసిస్టెంటుగా చేసినవారికి ప్రాధాన్యం" అన్న వాక్యం కొట్టేసి, సపోర్ట్ వర్కరుగా, హెల్త్‌కేర్ అసిస్టెంటుగా చేసిన ఏడాదికి సమాన మార్కులు ఇవ్వండి. జీతం లేని పోస్టు మీ టీములో ఉంటే ఎత్తేయండి, లేదా వారానికి ఒక రోజైనా జీతం ఇచ్చే పోస్టుగా మార్చండి. కారు లేనివారు బస్సులో వెళ్లగలిగే కేసులు ఎన్నో ఒకసారి లెక్కపెట్టి చూడండి. మీ వార్డులోనే సైకాలజీ డిగ్రీ చేతబట్టుకుని బ్యాండ్ 2, బ్యాండ్ 3లో పనిచేస్తున్నవారు ఎవరో కనుక్కోండి. వారానికి అరపూట సైకాలజీ టీముతో కూర్చునే వీలు వాళ్ల రోటాలో రాయించండి. దీనికి కొత్త బడ్జెట్ అక్కర్లేదు, వార్డ్ మేనేజరు ఒప్పుకుంటే చాలు.

4. పేరు దాచినంత మాత్రాన సరిపోదు

షార్ట్‌లిస్టు చేసేటప్పుడు పేర్లు దాస్తున్నాం కదా అంటారు. పేరు దాచినా యూనివర్సిటీ కనబడుతుంది, జీతం లేని అనుభవం కనబడుతుంది, వాక్యం తీరు కనబడుతుంది. ఇంటర్వ్యూ గదిలో మనిషే కనబడతాడు.

సెయింట్ జార్జెస్ మెడికల్ స్కూల్ సంగతి మనవాళ్లందరూ తెలుసుకోవాలి. అక్కడ 1980లలో దరఖాస్తులను ఒక కంప్యూటర్ ప్రోగ్రాము వడపోసేది. అంతకుముందు మనుషులు ఎలా ఎంచేవారో అచ్చం అలాగే ఎంచేలా దాన్ని తయారుచేశారు. యూరోపియన్ కాని పేరుంటే మార్కులు తగ్గించేది, ఆడపిల్ల అయినా తగ్గించేది. దాన్ని 1986లో బయటపెట్టిన ఇద్దరు డాక్టర్లు జో కోలియర్, ఆగ్రే బర్క్. బర్క్ జమైకాలో పుట్టారు. ఎన్‌హెచ్‌ఎస్‌లో తొలి నల్లజాతి కన్సల్టెంట్ సైకియాట్రిస్టుగా ఆయనకు పేరు. 1988లో జాతి సమానత్వ కమిషన్ ఆ తప్పును నిర్ధారించింది. రెడ్డి, రావు, శర్మ అన్న పేర్లను కూడా తొక్కిన యంత్రం అది. దాన్ని ఆపించినవారిలో ఒక నల్లజాతి సైకియాట్రిస్టు ఉన్నారని మనలో ఎంతమందికి తెలుసు?

మీరు ప్యానెల్‌లో కూర్చున్నప్పుడు ప్రశ్నలు అందరికీ ఒకటే అడగండి. మార్కులు ఎవరికివారు కాగితం మీద వేశాకే నోరు విప్పండి. "మన టీముకు ఫిట్ కాదు" అని ఎవరైనా అంటే, ఏ ప్రశ్నకు ఏ జవాబు చూసి అంటున్నారో రాయమనండి. రాయలేకపోతే ఆ మాట లెక్కలోకి రాకూడదు.

5. సైకియాట్రీలో చేరినవారు ఎక్కడ చిక్కుకుంటున్నారు

మనకు బాగా తెలిసిన దారే కాబట్టి ఎక్కువ చెప్పనక్కర్లేదు. కోర్ ట్రైనింగుకు (సైకియాట్రీ శిక్షణలో తొలి దశకు) ఇంటర్వ్యూ లేదు, ఎంఎస్‌ఆర్‌ఏ అనే ప్రవేశ పరీక్ష మార్కే అంతా. పోటీ పెరిగి, నైజీరియా, ఘనా, సూడాన్ నుంచి వచ్చిన డాక్టర్లు ఏళ్ల తరబడి ట్రస్టు గ్రేడు పోస్టుల్లో (శిక్షణలో భాగం కాని ఉద్యోగాల్లో) ఉండిపోతున్నారు. సైకియాట్రిస్టుల సభ్యత్వ పరీక్షలో రాతపేపర్లయిన పేపర్ ఏ, పేపర్ బీ చదువుకోవడానికి వాళ్లకు పుస్తకాలు చాలు. పదహారు స్టేషన్ల ప్రాక్టికల్ పరీక్ష కాస్క్‌కు మాత్రం మనుషులు కావాలి. పేషెంటుగా నటించేవారు, టైమరు పట్టేవారు, "ఆ ప్రశ్న ముందు అడగాల్సింది" అని మొహమాటం లేకుండా చెప్పేవారు. మనవాళ్లకు వాట్సాప్ గ్రూపులున్నాయి, సీనియర్ల ఇళ్లలో శనివారం ప్రాక్టీసులున్నాయి. వాటిలో మాట మధ్యలో తెలుగులోకి, హిందీలోకి జారిపోతే పక్కన ఉన్న ఆఫ్రికన్ డాక్టరు రెండో వారం నుంచి రారు. ఆ గ్రూపుల తలుపు తెరవండి, ఇంగ్లీషులో నడపండి.

సీసీటీ (శిక్షణ పూర్తిచేసిన సర్టిఫికెట్) బదులు, అనుభవం రుజువులు చూపించి స్పెషలిస్టు గుర్తింపు పొందే పోర్ట్‌ఫోలియో పాత్‌వేలో వెళ్లేవారికి సైకోథెరపీ కేసు దొరకడం గగనం. మీ క్లినిక్‌లో ఒక కేసు, వారానికి ఒక గంట సూపర్విజన్ ఇప్పించగలిగితే ఒక కన్సల్టెంటును తయారుచేసినట్టే.

ఇంకొకటి. యాజమాన్యాలు డాక్టర్ల నియంత్రణ సంస్థ జీఎంసీకి ఫిర్యాదు చేసే అవకాశం తెల్ల డాక్టర్లతో పోలిస్తే మైనారిటీ డాక్టర్ల విషయంలో రెట్టింపు అని జీఎంసీయే చేయించిన 2019 అధ్యయనం చెప్పింది. కారణాల్లో ఒకటి: లోపం చిన్నగా ఉన్నప్పుడు మొహం మీద చెప్పడానికి పైవాళ్లు జంకుతారు, అది పెరిగాక నేరుగా ఫిర్యాదు చేస్తారు. మీ కింద పనిచేసే నల్లజాతి ట్రైనీకి లోపం కనిపించిన వారంలోనే చెప్పండి, ఎలా సరిదిద్దుకోవాలో రాసివ్వండి. ఏటా జరిగే శిక్షణ సమీక్ష ఏఆర్‌సీపీ దాకా దాచిపెట్టకండి.

2014లో మన భారతీయ డాక్టర్ల సంఘం బాపియో, జీపీ పరీక్షలో తేడాల మీద హైకోర్టుకు వెళ్లింది. కేసు ఓడినా నైతికంగా గెలుపేనని జడ్జి అన్నారు. ఆ పోరాటం ఫలం మనతో పాటు నల్లజాతి డాక్టర్లకూ అందింది. ఇప్పుడు వాళ్ల లెక్క విడిగా అడగాల్సి వచ్చినప్పుడు మనం తప్పుకోవడం న్యాయం కాదు. 2023లో డాక్టర్ లాడే స్మిత్ రాయల్ కాలేజ్ ఆఫ్ సైకియాట్రిస్ట్స్‌కు తొలి నల్లజాతి అధ్యక్షురాలయ్యారు. అది గర్వకారణమే, కానీ దాన్ని చూపించి పని అయిపోయిందనేవారికి మొదటి అంశంలోని నాలుగు కోడ్‌లు చూపించండి.

6. చేరినవారిని నిలబెట్టుకోవాలి

2019 నవంబరులో లివర్‌పూల్‌లో క్లినికల్ సైకాలజీ శిక్షకుల వార్షిక సదస్సులో బానిసల వేలాన్ని వేదిక మీద నటించి చూపించారు. ముందుగా హెచ్చరిక కూడా లేకుండా, నల్లజాతి ట్రైనీలు ఆ హాల్లో కూర్చుని ఉండగా. తర్వాత క్షమాపణలు వచ్చాయి. సదస్సు సిద్ధం చేసిన నెలల్లో ఇది వద్దు అనగలిగే మనిషి ఆ బల్ల దగ్గర ఉండి ఉంటే, క్షమాపణ అవసరమే వచ్చేది కాదు.

రోజూ జరిగేది ఇంత పెద్దగా కనబడదు. పేషెంటు "ఆ నల్లమనిషి వద్దు, వేరేవాళ్లను పంపండి" అంటాడు. సూపర్‌వైజరు గొడవెందుకని కేసు మార్చేస్తారు. ట్రైనీకి ఒక కేసు పోతుంది, ఆ పేషెంటు చెప్పినట్టే జరుగుతుందని టీముకు తెలిసిపోతుంది. అలాంటప్పుడు ఏం చేయాలో ముందే రాసిపెట్టుకోండి: పేషెంటుతో మాట్లాడేది ట్రైనీ కాదు, కన్సల్టెంటు. ఏమన్నాడో నమోదు చేయాలి. కేసు మార్చాలా వద్దా అన్నది ట్రైనీని అడిగాకే తేలాలి.

7. మన నోటి మాట

ఇది రాయడం ఇబ్బందిగానే ఉంది, అయినా రాయాలి. ఆన్‌కాల్ గదిలో మనవాళ్లు ఇద్దరు కలిస్తే "ఆ నల్లోడు వచ్చాడు, జాగ్రత్త" అన్న మాట తెలుగులో దొర్లుతుంది. ఎవరికీ అర్థం కాదనుకుంటాం. ఆ మాట అన్న పది నిమిషాలకే అదే మనిషిని అసెస్ చేయడానికి వెళ్తాం. సంబంధాల ప్రకటనల్లో మేనిచాయ అడిగే అలవాటు మన వెంట విమానమెక్కి వచ్చింది, రిస్క్ అసెస్‌మెంటులోకి కూడా వచ్చింది. ట్రస్టువాళ్లు పెట్టే ఈక్వాలిటీ శిక్షణ దీన్ని ముట్టుకోదు, ఎందుకంటే వాళ్లకు తెలుగు రాదు. మనమే ఆపాలి. జూనియరు అంటే సీనియరు ఆపాలి, సీనియరు అంటే పక్కవాళ్లు ఆపాలి.

చివరిగా ఒక్క పని అడుగుతున్నాం. ఎన్‌హెచ్‌ఎస్ ట్రస్టు బోర్డు సమావేశాలు బహిరంగంగా జరుగుతాయి, చాలాచోట్ల ప్రజల ప్రశ్నలు ముందుగా తీసుకుంటారు. మీ ట్రస్టు వెబ్‌సైటులో తర్వాతి సమావేశం తేదీ, ప్రశ్నల గడువు చూసి, మీ పేరుతోనే ఈ ప్రశ్న పంపండి:

"మా ట్రస్టులో సైకాలజీ బ్యాండ్ 7 నుంచి పైన, సైకియాట్రీ కన్సల్టెంటు స్థాయిలో, కరీబియన్ మూలాలున్నవారు ఎందరు, ఆఫ్రికన్ మూలాలున్నవారు ఎందరు? గత మూడేళ్లలో ఈ పోస్టులకు వాళ్లలో ఎందరు దరఖాస్తు చేశారు, ఎందరు షార్ట్‌లిస్టు అయ్యారు, ఎందరికి ఉద్యోగం వచ్చింది? భారతీయులను ఈ లెక్కలో కలపకుండా చెప్పగలరు."

ఇట్లు,
ఇంగ్లండ్ మానసిక ఆరోగ్య సేవల్లో పనిచేస్తున్న కొందరు తెలుగు ఉద్యోగులు